గుమ్మడికాయకు పట్టిన గొడుగు

మామయ్యగారూ,

నేను డ్యూటీకి వెళ్తున్నాను. అన్నం, కూర పొయ్యి మీదే ఉన్నాయి, వేడి చేసుకుని తినండి. దగ్గు మందు కిటికీలో పెట్టాను, అన్నం తిన్నాక తాగండి. గుమ్మడిపాదుకి ఇవాళ నీళ్లు పొయ్యకండి, నిన్న రాత్రి వానకే నానిపోయింది. కాయ చుట్టూ పొడిగడ్డి పరిచాను. కాయని మీరు ఒక్కరే కదపబోకండి, నడుం పట్టేస్తుంది.

పొద్దున "గొడుగు ఎలా తడిసింది?" అని ఊరికే అడిగితే, "నేనసలు పెరట్లోకే వెళ్లలేదమ్మా" అన్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. వానకి కాయ పగులుతుందని గొడుగు దానికి పట్టి, మీరు తడుస్తూ నిలబడటం నేను చూశాను. కేకలేద్దామనే గుమ్మం దాకా వచ్చాను. మీరు దానితో నవ్వుతూ ఏవో కబుర్లు చెబుతున్నారు. అలాగే వెనక్కి వచ్చేశాను. అత్తయ్యగారు పోయాక మీరు అన్ని మాటలు మాట్లాడటం నేను వినలేదు.

ఈసారి వానొస్తే నన్ను లేపండి. మీకు గొడుగు నేను పడతాను.

మీ కోడలు

ఇంకా పెరిగితే కాయ గేటులోంచి బయటికి పట్టదని బెంగ పెట్టుకున్నారట. అవసరమైతే గేటే ఊడదీస్తానని మీ అబ్బాయి అన్నారు. దాన్ని పెరగనివ్వండి.