తిరగని ముందు చక్రాలు

తమ్ముడిని దీవించి అక్క చెప్పి రాయిస్తున్నది. ఇక్కడ మనుషులం క్షేమం, బండి ఒక్కటే మంచాన పడింది. అక్కడ నువ్వూ, మరదలూ, పిల్లలూ క్షేమమని తలుస్తాను.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకంటావు. ఫోనులో అయితే నా మాట సగంలో ఉండగానే నీ మాట మొదలవుతుంది, గట్టిగా నిలదీస్తే సిగ్నలు పోతుంది. కాగితానికి ఆ రోగాలు లేవు. నాకు అక్షరం ముక్క రాదు కాబట్టి నా కూతురు రాస్తోంది. బండి లోపం బయటపడిన నాటి నుంచి అది నాతో మాట్లాడటం లేదు. నా ముందు కంచం పెడుతుంది, మాట పెట్టదు. మామయ్యకు జవాబు రాయాలి కూర్చోవే అంటే మాత్రం కూర్చుంది. నువ్వంటే అంత ప్రాణం దానికి. చెప్పింది చెప్పినట్టు రాయాలనీ, మధ్యలో ఆపకూడదనీ ముందే మాట తీసుకున్నాను.

బండి కాగితాలతో పాటు నువ్వు పంపిన ఉత్తరం అందింది. అడిగినవాటికి వరసగా చెబుతాను.

ఇంజను ఎలా ఉందని అడిగావు. భేషుగ్గా ఉంది. తాళం తిప్పగానే పలుకుతుంది, చదును రోడ్డు మీద గుర్రంలా పోతుంది. పాలు మాత్రం చదును రోడ్డు మీద దొరకవు. పైనున్న ఇళ్లకు పోయి క్యాన్లు నింపుకు రావాలంటే ఆ ఎర్రమట్టి ఎత్తు ఎక్కాలి. ఎండల్లో ఏ బండైనా ఎక్కుతుంది. వాన పడితే నాలుగు చక్రాలూ లాగే బండే కావాలి. అందుకే కదా, కొత్తది కొనే తాహతు లేక, ఉన్నదంతా ఊడ్చి నీ ముందు పెట్టి, పాతదైనా నమ్మకమైనది చూడరా అన్నాను.

మొదటి వానకు ఎలా ఎక్కిందని అడిగావు. ఎక్కలేదు. ఖాళీ క్యాన్లతో పోతూ ఎత్తు సగంలో నిలబడిపోయింది. నా కూతురు నాలుగు చక్రాల లివరు వేసింది. వెనక చక్రాలు మట్టి చిమ్ముతూ తమ గుంత తామే తవ్వుకున్నాయి. ముందు చక్రాలు ఫోటోకు కూర్చున్నట్టు కదలకుండా కూర్చున్నాయి. పైన పిండిన పాలన్నీ సాయంత్రానికి విరిగిపోయాయి. పాలకేంద్రం మేనేజరు పిలిచి, "వానల్లో ఇంకొక్క పూట పాలు ఆగినా ఈ దారిన పాలు తెచ్చే పని ట్రాక్టరాయనకు ఇచ్చేస్తానమ్మా, తర్వాత నన్ను అనొద్దు" అన్నాడు. అప్పటి నుంచి మబ్బు పట్టినప్పుడల్లా నా కూతురు ఆకాశం వైపు చూస్తుంది, తర్వాత నా వైపు చూస్తుంది.

మెకానిక్కును పిలిపించాం. కింద దూరి చూసి, నవ్వుకుంటూ బయటికొచ్చాడు. "నాలుగు చక్రాలూ లాగుతాయని ఎవరు చెప్పారమ్మా మీకు? ఇంజను బలాన్ని ముందు చక్రాలకు మోసుకుపోయే షాఫ్టు ఉంటుంది, ఇంత పొడుగు ఇనుప గొట్టం. అది పాడైతే బాగుచేయించే ఖర్చెందుకని విప్పేసి, ఆ చోట మూత బిగించి నల్లరంగు కొట్టారు. లివరు వేస్తే పడుతుంది, దీపం కూడా వెలుగుతుంది" అన్నాడు.

"అంటే?" అన్నాను.

"అంటే గుమ్మానికి గంట ఉంది, ఇంట్లో మనిషి లేడు."

ఈ బండిని ఎవరు ఏరారని నా కూతురు అడిగింది. నేనే అన్నాను. మామయ్య వద్దంటున్నా రంగు చూసి మోజుపడ్డానని చెప్పాను. "రంగు చూసి కొన్నావా అమ్మా" అంది. అదే దాని ఆఖరి మాట.

ఇక నీ ఉత్తరం చివరన ఉన్నదానికి వస్తాను. "నేను వద్దంటే విన్నావా అక్కా, ఇప్పుడు నన్నేం చేయమంటావు" అని రాశావు. ఆ ముక్కను నా కూతురు పైకి చదివింది. నాకు వినపడలేదేమోనని ఇంకోసారి చదివింది.

ఒరేయ్, ఎప్పుడు వద్దన్నావురా?

రాయవే, ఆగకు. మాట ఇచ్చావు.

ఆ పాత బండ్ల యార్డులో, బండ్లు కడిగే చోట బురద ఉంది. ఒక్కసారి ఆ బురదలోకి దింపి పైకి ఎక్కించి చూపించమను అన్నాను. "వీళ్లంతా నాకు తెలిసినవాళ్లక్కా, వాళ్ల ముందు నా పరువు తీయకు, నేను చూస్తాగా" అన్నావు. చొక్కా విప్పి అద్దానికి తగిలించి కింద దూరావు. టార్చి పట్టింది నేను. వెలుగు ముందుకు జరిగినప్పుడల్లా "అటు కాదక్కా, వెనక్కి పట్టు" అన్నావు. షాఫ్టంటే ఏమిటో నాకప్పుడు తెలియదు కానీ ఆ మాట గుర్తుంది. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, "ముందు భాగం గుండ్రాయిలా ఉంది, కళ్లు మూసుకుని తీసుకో" అన్నావు. కళ్లు మూసుకునే తీసుకున్నాను. మన ఇంట్లో కుర్చీ కొన్నా గొడ్డును కొన్నా, నువ్వు చూశావంటే ఇంకెవరూ చూడరు. ఆ తర్వాత యార్డువాడు నిన్ను లోపలి గదికి పిలుచుకుపోయి ఎందుకు భుజం తట్టాడో కూడా అడగలేదు.

మరి నా కూతురికి అబద్ధం ఎందుకు చెప్పానంటే, వాళ్ల నాన్న పోయాక ఇది నీ భుజం మీద పెరిగింది. దీని చేతికి స్టీరింగు ఇచ్చింది నువ్వు. బండి పోతే పోయింది, మామయ్య కూడా పోతే దీనికి ఏం మిగులుతుందని ఆ తప్పు నా నెత్తిన వేసుకున్నాను. ఇలా చెప్పాను, నోరు జారకు అని నీకు ఫోను కూడా చేశాను. నువ్వు జారలేదు. నా అబద్ధాన్ని దాచమన్నాను గానీ, దాంతో నన్నే కొట్టమనలేదు కదరా.

అమ్మ పనికి పోతే నిన్ను చంకనేసుకుని తిరిగింది నేను. ఎప్పుడో దిగిపోయావనుకున్నాను. ఇంకా దిగలేదని ఈ బండి చెప్పింది. నాకు నడుము పట్టేసింది. ఇక దిగు.

ఇది ఇప్పుడే పెన్ను పెట్టి లేచి వెళ్లి నీళ్లు తాగి వచ్చింది. నా చెంబు కూడా నింపి పెట్టింది. అదీ రాయమన్నాను.

ఆ షాఫ్టును విప్పినవాళ్లు ఎవరో నీకు తెలుసు. అది దొరక్కపోతే అలాంటిదే ఇంకో పాతది వెతుకు. ముసురు పట్టకముందే తెచ్చి నీ చేతులతో బిగించు. టార్చి నేనే పడతాను. ఈసారి ఎటు పట్టాలో నువ్వు చెప్పనక్కర్లేదు.

ఇట్లు,
నిన్ను ఇంతకాలం మోసిన అక్క

అమ్మ చెప్పింది చెప్పినట్టే రాశాను మామయ్యా. పక్కనున్న వేలిముద్ర అమ్మదే. చెయ్యి పట్టుకుని వేయించింది నేను. షాఫ్టు లేకుండా రాకు.