మామ బల్లను కాదన్నది నేనే

రహమత్ నగర్,
12-8-1991

బాలనర్సయ్య మామకు,

ఫిల్మ్ నగర్‌లో మీ ఇంటికి రెండుసార్లు వస్తే తలుపు తీయలేదు. అందుకే రాస్తున్నాను. మా మందుల ఫ్యాక్టరీకి నీ బల్లలు వద్దన్నది నేనే. పన్నెండు బల్లల పని నా వల్లే పోయింది.

సినిమాల్లో ఆస్పత్రి సెట్లకు నువ్వు చేసిన బల్లలు చూసి మా మేనేజర్ పట్టాభిరామయ్య గారు ముచ్చటపడ్డారు. నమూనాకి నువ్వు పంపిన బల్ల అద్దంలా మెరిసింది. నేను దాని మీద పసుపు చల్లి తడిగుడ్డతో తుడిచాను.

"శుభ్రంగానే ఉందిగా! డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి ఇది చాలదా? సొంత మామకే వంకలు పెడతావేంటయ్యా?" అన్నారాయన.

"జర ఆగుండ్రి సార్" అని పైన అంటించిన సన్‌మైకా షీటు అంచు సందులో గుండుసూది పెట్టి లాగాను. పసుపు బయటికొచ్చింది. "గిది మందుపొడి అనుకోండ్రి. రేపు చేసే ఇంకో మందుల కలుస్తది. ఇన్‌స్పెక్టర్ చూడకున్నా మింగేటోడు మింగుతడు" అన్నాను.

ఆయన నీ బల్లను పక్కన పెట్టించారు. అతుకులు వెల్డింగ్ చేసి నున్నగా రుద్దిన, సొరుగుల్లేని స్టీలు బల్లలే తెప్పించారు. "పరీక్షించినవారు" అన్నచోట ఏడో తరగతి తప్పిన నాచేత సంతకం పెట్టించారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని మందుల తయారీకి సర్కారు పెట్టిన ఇంగ్లీషు రూల్సు పుస్తకం మొత్తం చదివింది ఫ్యాక్టరీలో నేనొక్కణ్ణే.

కానీ బల్లకు సందు ఎక్కడుంటుందో పుస్తకంలో లేదు మామా. చిత్రిక పట్టించి, అతుకు మీద వేలు పెట్టి చూడమని నేర్పింది నువ్వు. నీకు తలవంపులుగా ఉందేమో, నాకు మాత్రం గర్వంగా ఉంది.

ఆదివారం మళ్ళీ వస్తాను. వాకిట్లో నిలబెట్టి తిట్టు, పడతాను. ఆ బల్ల మందులకు పనికొస్తుందని మాత్రం నాచేత అనిపించలేవు.

నీ మేనల్లుడు