స్ఫటికాల పెట్టెలో కూల్ డ్రింకులు

నాన్నగారికి నమస్కారాలు, కోపం మినహా నేను క్షేమం.

ఎక్స్‌రేలు పంపి ప్రోటీను ఆకారం కనిపెట్టడానికి ల్యాబులో నెలల తరబడి పెంచిన నా ప్రోటీను స్ఫటికాలు సోమవారం కాలధర్మం చెందినవని తెలియజేయడమైనది. శాఖాధిపతిగారు తమ అతిథుల కూల్ డ్రింకులను అవి పెరుగుతున్న చల్లపెట్టెలోనే ఉంచి, స్ఫటికాలు గడ్డకట్టి పగిలేంతగా చల్లదనం పెంచారు.

“ఉప్పు పలుకుల్లాంటివే కదమ్మా, మళ్ళీ పెంచుకో!” అన్నారు, బట్టతల నిమురుకుంటూ.

“మీరు జుట్టు పెంచుకున్నంత తేలిగ్గానా సార్?” అన్నాను.

స్ఫటికాలు తిరిగి ఏర్పడేవరకు నా సెలవు రద్దయింది. కాబట్టి అక్క పురిటికి రాలేను. అమ్మ కంట్లో చుక్కలు వేసుకుంటోందా? నా శాలువా పంపండి. బిడ్డ పుట్టగానే ముక్కు ఎవరి పోలికో రాయండి.

బావగారికి నమస్కారాలు, పుట్టబోయే బిడ్డకు ఆశీస్సులు. బిడ్డను అందరికంటే ముందు ఎత్తుకోవడానికి అక్క దగ్గర సంపాదించిన అధికారాన్ని, పళ్ళు కొరుక్కుంటూ, మీకు బదిలీ చేస్తున్నాను.

మీ చిన్నమ్మాయి