సున్నం గీత

చెంగయ్యా,

అన్నం ఉట్టి మీద ఉంది, మెత్తళ్ల పులుసు చట్టిలో ఉంది. తిను. వ్యాను కిందకి మాత్రం దూరబాక.

జాకీ లేదని, పడవని ఎత్తినట్టు ఆ పాత వ్యానుని నాలుగు తెప్పదుంగల మీద ఎత్తినావు. పడవ కిందకి ఎవరూ దూరరు నాయనా. నిన్న సాయంత్రం ఇసక మట్టానికి ఒక్కో దుంగకి సున్నంతో గీత గీసినాను. నువ్వు ఆయిలు తెచ్చేదానికి పోయినాక ఇప్పుడు చూస్తే, సముద్రం వైపు దుంగ గీత కనపడలేదు. ఇసకలోకి దిగిపోయింది. నమ్మకపోతే బయట నుంచే వేలితో ఇసక గీకి చూసుకో.

అందుకని నీకున్న రెండు స్పానర్లూ చేపల గంపలో వేసుకొని నెల్లూరు పోతున్నాను. అరిచినా ఇవ్వను. అమ్మకి అన్నిటికీ భయమే అని నీ జతగాళ్లతో నవ్వుతావు. నవ్వుకో. ఇరవై రెండేళ్లు భయపడతానే నిన్ను పెంచినాను.

అక్కడ లారీ షెడ్డులో పనిచేసే మీ మామని జాకీ అడిగి తెస్తాను. స్పానర్లు దాంతోనే వస్తాయి.

మీ అమ్మ

సైకిలు షాపు నరసయ్యని స్పానరు అడగబాక. ఇస్తే గంపతో సహా షాపు ముందర కూర్చుంటానని చెప్పి వచ్చినాను. "నాకెందుకు వదినా ఈ గొడవ" అన్నాడు.