చీమలకు కెమెరా

తబితా అక్కకు,

ప్రొద్దుటూరు షాపులో కెమెరా చూస్తుంటే షాపాయన "పెండ్లిళ్లకా మేడం?" అన్నాడు. "చీమలకు" అన్నాను. "అట్లయితే కెమెరా పాత మోడలైనా సరిపోతాది, దుడ్లన్నీ చిన్నవాటిని పెద్దగా తీసే మ్యాక్రో లెన్సు మీద పెట్టండి" అన్నాడు. అలాగే కొన్నాను.

నాయన జమ్మలమడుగు బడిలో సైన్సు చెప్పే రోజుల్లో మనిద్దరినీ నేల మీద బోర్లా పడుకోబెట్టి భూతద్దంలో చీమలను చూపించేవాడు, గుర్తుందా? ఇప్పుడు ఆయనకు భూతద్దంలోనూ కనిపించడం లేదు.

నిన్న పులివెందులలో మా చీనీకాయల చెట్టు మీది చీమను ఫోటో తీసి, టీవీలో పెద్దది చేసి పెట్టాను. తెరకు ముఖం ఆనించి చాలాసేపు చూశాడు.

"సూడు మే, మీసాలు తుడుచుకుంటాంది!" అన్నాడు.

ఫోటోలో చీమ కదలదు కదా అక్కా. పక్కన కూర్చుని నేనూ చూశాను.

నీ చెల్లెలు