నూకరాజు కళ్లు, ఆకుపచ్చ మాత్రలు

1999 నవంబరు, ఆదివారం రాత్రి. ఉక్కునగరం.

సాయంత్రం యారాడలో చెల్లెలి ఇంటికి వెళ్లాను. బావ నూకరాజు కంటి శుక్లాలకు ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పి చాలా కాలమైంది. అతనికి కత్తి అంటే భయం. అందుకే వేసవిలో క్లోరెల్లా అనే పచ్చ నాచుతో చేసిన మాత్రలు కొని ఇచ్చాను.

"ఏటి బావా, పడవకి పట్టిన నాచు మేం గీకి పారేత్తన్నాం, నువ్వు సీసాలో ఎట్టి తెచ్చినావా?" అని అప్పుడు నవ్వాడు. అందులోని ల్యూటిన్ అనే పదార్థం కంటికి మేలు చేస్తుందని పత్రికలో చదివినదంతా వివరించాను. రాత్రి కళాశాలలో పట్టా పొందినవాణ్ణి. మా ఇళ్లలో నా మాటకు ఎదురుండదు.

ఈ రోజు, "కళ్లు బాగా కనిపిత్తన్నాయి బావా. తెల్లారగట్ల సేపల ఏటకెళ్తన్నాను" అన్నాడు. అంటూనే టీ గ్లాసు కోసం చేయి చాచి, దానికి జానెడు ఇవతల గాలిని పట్టుకున్నాడు.

చెల్లెలు పొయ్యి వైపు తిరిగి ఉంది. "ఆపరేసన్ వద్దనీసినాం అన్నియా. సదువుకున్నోడివి, నువ్వు సెప్పినాక ఇంకేటి?" అంది.

ఆపరేషన్ మానమని నేను చెప్పలేదు. ఉన్న చూపును కాపాడటానికి ఆ పదార్థం తోడ్పడవచ్చని మాత్రమే వ్యాసంలో ఉంది. శుక్లాన్ని కరిగిస్తుందని లేదు. ఆ తేడా నాకు వేసవిలోనే తెలుసు. చెప్పబోయాను. వాకిట్లో ఇరుగుపొరుగువారు కూర్చుని నా మాట వింటున్నారు. "జాగ్రత్త" అని మాత్రం అని బస్సెక్కాను.

రేపు వెళ్లి అందరి ముందూ చెప్పాలి. కానీ మొదటి బస్సు యారాడ చేరేసరికి పడవలు వెళ్లిపోయి ఉంటాయి.