రెండుసార్ల నియమం

బావమరిదికి,

నువ్వు కులాసాగా ఉన్నావని రోజూ పేపర్లో చూస్తూనే ఉన్నాను. మీ అక్క నీ ఫొటోలు కత్తిరించి ముందుగదిలో అంటిస్తోంది. నేను దేశాధ్యక్షుడిగా ఉన్న పదేళ్లూ నా ఫొటో ఉన్న కాగితం మీదే ఉల్లిపాయలు తరిగింది. ఆ కుర్చీకి ఎడమచెయ్యి వదులని నేను మొత్తుకుంటే ఎవడూ వినలేదు. నువ్వు కూర్చున్న వారానికే బాగుచేశారట.

ఎవరూ రెండుసార్లకు మించి అధ్యక్షుడు కాకూడదని రాజ్యాంగంలో రాయించింది నేనే. సైన్యాధిపతి ఎక్కితే దిగడేమోనన్న భయంతో రాయించాను. చివరికి అది నా మెడకే చుట్టుకుంది.

మొన్న ఫోన్లో, "ఆ నియమం తీసేద్దాం బావా, నువ్వూ మళ్లీ నిలబడొచ్చు" అన్నావు. నిజం చెప్పొద్దూ, వెంటనే పాత కోటు ఇస్త్రీ చేయించాను. అది తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాకే వెలిగింది. ఆ నియమం పోతే నేను ఎక్కడం అనుమానమే గానీ, నువ్వు దిగకపోవడం మాత్రం ఖాయం.

దాన్ని ముట్టుకోకు. ముట్టుకుంటే బంధుత్వం కూడా చూడకుండా కోర్టుకెక్కుతాను. నన్ను దింపినట్టే అది నిన్నూ దింపాలి. దానికింకా ఎనిమిదేళ్లుంది. ఆ రోజు కళ్లారా చూడాలని పొద్దున్నే నడుస్తున్నాను, ఉప్పు కూడా మానేశాను.

మీ బావ